మైకేల్ మయర్స్ ఊళ్ళో కోడిగుడ్లు

దెయ్యపు కొంప ముందు నిలబడి ఆలివ్ కాయల గురించి ఆలోచించిన తెలుగువాణ్ణి బహుశా నేనొక్కణ్ణేనేమో!

సంగతేమిటంటే, కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్ నడిబొడ్డుకి ఈశాన్యంగా పది కిలోమీటర్ల దూరంలో సౌత్ పాసడీనా అని ఓ చిన్న ఊరుంది. పాతకాలపు చెక్క ఇళ్ళు, ఇళ్ళ ముందు పచ్చిక, వీధికి అటూ ఇటూ గొడుగు పట్టినట్టు పెద్ద పెద్ద చెట్లు. హాలీవుడ్ వాళ్ళకి అమెరికా నడిమధ్యలో ఎక్కడో వున్న పల్లెటూరు కావాలంటే అంతదూరం పోకుండా కెమెరా పట్టుకుని ఇక్కడికొచ్చేస్తారు. మనవాళ్ళు పల్లె కావాలంటే గోదావరి ఒడ్డుకి పరిగెత్తరూ? అలాగన్నమాట. ఈ ఊళ్ళో మిషన్ స్ట్రీట్ దగ్గర రైలు దిగి నాలుగడుగులు వేస్తే ఆ ఇల్లు కనిపిస్తుంది.

ఏ ఇల్లా? 1978లో జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్' చూసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1963 అక్టోబరు 31 రాత్రి ఆరేళ్ళ కుర్రాడు మైకేల్ మయర్స్ తన సొంత అక్కనే కత్తితో పొడిచి చంపేస్తాడు. పదిహేనేళ్ళ తర్వాత ఆస్పత్రి నుంచి తప్పించుకుని, తెల్ల ముసుగు తొడుక్కుని, మళ్ళీ అదే ఊరికి వస్తాడు. పరుగెత్తడు, అరవడు, మాట్లాడడు. వూరికే నిలబడి చూస్తూంటాడు. అంతే! ఆ నిలబడటానికే జనం కుర్చీల్లో ముడుచుకుపోయారు.

ఆ కుర్రాడు అక్కని చంపిన ఇల్లే ఇది. కథలో ఊరు పేరు ఇల్లినాయ్ రాష్ట్రంలోని హాడన్‌ఫీల్డ్. అక్కడ అలాంటి ఊరే లేదు. చిత్ర నిర్మాత డెబ్రా హిల్ సొంతూరు న్యూజెర్సీలోని హాడన్‌ఫీల్డ్. ఆ పేరు తెచ్చి దీనికి తగిలించారు. ఇల్లు కూడా మొదట ఇక్కడ లేదు. కూలగొట్టేస్తారన్న సమయంలో, 1987లో, పునాది నుంచి లేవదీసి ఇక్కడికి మోసుకొచ్చి నిలబెట్టారు. ఇప్పుడిందులో కాపురాలు లేవు, ఆఫీసులున్నాయి. పట్టపగలు పదకొండు గంటలకి చూస్తే దెయ్యపు కొంపలా కాదు, మన మునసబు గారి పాత సావడిలా వుంది.

ఇక్కడే నిలబడి ఫొటో తీసుకుంటూంటే ఫోను మోగింది. మా అక్క!

"ఒరేయ్, ఎక్కడున్నావ్? వచ్చేటప్పుడు గింజ తీసిన నల్ల ఆలివ్ కాయలు ఒక డబ్బా పట్రా. ఆకుపచ్చవి కూడా ఒక సీసా. మధ్యలో ఎర్రగా వుంటుందే, అది. మరిచిపోకు, సాలీళ్ళకి."

సాలీళ్ళకి ఆలివ్ కాయలు దేనికండీ?

* * *

2024 అక్టోబరు సంగతి ఇది. మా అక్కా బావా ఈ ఊరొచ్చి అప్పటికి మూడు నెలలే. అంతకు ముందు వేరే రాష్ట్రంలో వుండేవారు. వాళ్ళమ్మాయి, అంటే నా మేనకోడలు, కొత్త బడిలో ఆరో తరగతి. ఆ పిల్ల తన క్లాసులో తొమ్మిది మందిని హాలోవీన్ పార్టీకి పిలిచింది. 31వ తేదీ గురువారం సాయంత్రం నాలుగింటికి. తర్వాత పిల్లలంతా వేషాలేసుకుని ఇంటింటికీ వెళ్ళి మిఠాయిలు అడుక్కోవడం ఎలాగూ వుంటుంది.

తమాషా ఏమిటంటే ఆ ఏడు మన దీపావళి కూడా సరిగ్గా ఆ సాయంత్రమే! పొద్దుగూకగానే మా అక్క లక్ష్మీపూజ చేసుకోవాలి. గుమ్మంలో ఒక పక్క ప్రమిదలు, రెండో పక్క పళ్ళికిలించిన గుమ్మడికాయ. అక్క ఆ గుమ్మడికాయని చూసి మొదటి రోజే తీర్పు చెప్పేసింది: "ఇది దిష్టి గుమ్మడికాయే కదుట్రా! మనం బద్దలు కొట్టి కుంకం పోస్తాం, వీళ్ళు బొక్కలు పెట్టి దీపం పెడతారు. అంతేగా తేడా!" కొట్టిపారెయ్యడానికి లేదు. ఐర్లండు, స్కాట్లండు పల్లెల్లో వెనకటి రోజుల్లో పెద్ద టర్నిప్ దుంపలు తొలిచి భయంకరమైన మొహాలు చెక్కేవారు, దుష్టశక్తులు గడప తొక్కకుండా. అక్కడినుంచి అమెరికా వచ్చినవాళ్ళకి దుంప కంటే గుమ్మడికాయ సులువుగా చేతికి దొరికింది. పెద్దది, మెత్తగా తెగుతుంది. దాంతో దుంప వెనకబడి గుమ్మడికాయ తారైపోయింది.

అంతా బాగానే వుంది గానీ పిల్ల తల్లికి ఒకే ఒక షరతు పెట్టింది. ఇంట్లో ఏదీ వండకూడదు. పిజ్జా తెప్పించాలి. అంతే.

ఎందుకో అక్క నాకు మెల్లిగా చెప్పింది. కిందటేడు పాత బడిలో ఒకసారి మధ్యాహ్నం డబ్బాలో కోడిగుడ్డు వేపుడు పెట్టిందట. డబ్బా మూత తీసేసరికి పక్కనున్న పిల్లలు ముక్కులు మూసుకున్నారు. అక్కడి పిల్లల ఆటల్లో ఆఖరున వచ్చినవాణ్ణి 'రాటెన్ ఎగ్' అని వెక్కిరించడం మామూలు. కుళ్ళిన గుడ్డు అన్నమాట. ఆ రోజునుంచి ఆ పేరు దీనికి అంటుకుంది. ఆట లేకపోయినా, ఓడకపోయినా ఇదే రాటెన్ ఎగ్. అప్పట్నించి డబ్బాలో రొట్టె ముక్కలు తప్ప ఇంకేమీ పెట్టనివ్వదు. వాటిని కూడా గ్రంథాలయం వెనక మెట్ల మీద ఒక్కతే కూర్చుని తినేదట. ఆ సంగతి బళ్ళో టీచరు పిలిచి చెప్పేదాకా అక్కకి తెలియనే తెలియదు.

ఇది ఇలా వుండగా, పక్కింటి పెద్దావిడ వచ్చింది. డెబ్బై దాటినావిడ. ఒంటరి మనిషి. చేతిలో ఓ గాజు పళ్ళెం. పళ్ళెం నిండా గుంటలు, సరిగ్గా అర గుడ్డు పట్టేటంత గుంటలు, ఇరవై నాలుగు. వాళ్ళమ్మగారిదట.

"మీ అమ్మాయి పార్టీకి నా వంతు నేను చేస్తాను. డెవిల్డ్ ఎగ్స్! దెయ్యాల పండక్కి ఇంతకంటే ఏం కావాలి?" అంది.

పిల్ల మొహం చూడాలి! నవ్వుతూ "థాంక్యూ" అంది. లోపలికెళ్ళి తలుపేసుకుంది.

* * *

ఈ డెవిల్డ్ ఎగ్స్ అంటే భయపడకండి. ఉడికించిన గుడ్డు రెండుగా కోసి, పచ్చసొన తీసి, దాన్ని ఆవ, మయొనీస్ వగైరాలతో మెదిపి, మళ్ళీ ఆ తెల్ల డొప్పల్లోనే పెట్టడం. అంతే వంట. గుడ్డు లోపల సంభారాలు కూరటం రోమనుల నాడే వుంది. 'డెవిల్' అన్న పేరు మాత్రం ఇంగ్లీషువాళ్ళు పద్ధెనిమిదో శతాబ్దం చివర్లో తగిలించారు. మిరియాలూ ఆవాలూ దట్టించి నోరు మండేలా చేసిన వంటకాన్నల్లా 'డెవిల్' చేశారనేవారు. అంటే సైతానుకీ గుడ్డుకీ వున్న చుట్టరికం కారమే! అమెరికాలో కొన్నిచోట్ల చర్చి విందులకి తీసుకువెళ్ళేటప్పుడు ఆ పేరు పలకరట. 'స్టఫ్డ్ ఎగ్స్' అంటారు, 'డ్రెస్డ్ ఎగ్స్' అంటారు, మరీ భక్తులైతే 'ఏంజెల్ ఎగ్స్' అంటారు. గుడ్డు అదే, ఆవ అదే. తెర మీద పేరు మార్చుకున్న నటుడి లాగన్నమాట.

ఆ రాత్రి మేనకోడలు గదిలోంచి ఏడుపు వినిపించింది. అక్కకేం చెయ్యాలో తోచలేదు. "పిల్ల వద్దంటోంది. పెద్దావిడ మనసు నొప్పించలేను. పైగా దీపావళి పూట నా వంటింట్లో గుడ్లేమిట్రా!" అంది. బావ ఎప్పటిలాగే "నువ్వు చూడవోయ్" అని నా వైపు తోసేశాడు.

మర్నాడు ఉదయం నేనే వెళ్ళి ఆవిడకి వున్నదున్నట్టు చెప్పేశాను. డబ్బా, ముక్కులు మూసుకోవటం, ఆ పేరు, అన్నీ. వద్దులెండి అంటుందనుకున్నాను. ఆవిడ కాసేపు ఊరుకుంది. తర్వాత అంది: "ఆ వాసన గుడ్డుది కాదు బాబూ, పొయ్యిది. పిల్లని సాయంత్రం నా వంటింటికి పంపు. గుడ్లు ఇక్కడే ఉడుకుతాయి. మీ అక్క వంటింటికి మైల అక్కర్లేదు."

మైల అన్న మాట ఆవిడ అన్లేదు లెండి, అది నా అనువాదం! కానీ సంగతి ఆవిడకి అర్థమైంది.

మేనకోడలికి మాత్రం నా మీద పీకలదాకా కోపం వచ్చింది. "ఎందుకు చెప్పావు మామయ్యా? ఇప్పుడావిడకి కూడా తెలిసిపోయింది" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

* * *

ఆ రోజు పగలంతా పిల్ల బడికి పోయింది, నేను సినిమా వీధుల మీద పడ్డాను. అక్క ఆలివ్ కాయల ఫోను చేసింది అప్పుడే.

ఆక్స్‌లీ స్ట్రీట్‌లో కథానాయిక లారీ ఇల్లు వుంది. ఆమె గుమ్మడికాయ పట్టుకుని కూర్చున్న చోటు చూడటానికి ఇప్పటికీ అభిమానులు వస్తూంటారు. నేను వెళ్ళేసరికి ముగ్గురు కుర్రాళ్ళు, ఓ గుమ్మడికాయ. వంతులవారీగా ఒళ్ళో పెట్టుకుని ఫొటోలు! ఆ వేషం వేసిన జేమీ లీ కర్టిస్‌కి అదే మొదటి సినిమా. హిచ్‌కాక్ 'సైకో'లో (1960) స్నానాల గదిలో కత్తిపోట్లు తిన్న జానెట్ లీ కూతురామె. తల్లి అరుపు కూతురికి ఆస్తిగా వచ్చిందన్నమాట. అదే జేమీ లీ 2023లో ఆస్కార్ పుచ్చుకుంది.

ఈ వీధుల్లో తిరుగుతూంటే నాకు కలిగిన ఆశ్చర్యం ఒకటే. ఎంత చవగ్గా భయపెట్టారండీ! ఖర్చంతా కలిపి మూడు లక్షల డాలర్ల పైచిలుకు. వసూళ్ళు ఏడు కోట్ల డాలర్లు. షూటింగు ఇరవై రోజులు. కథ జరిగేది శరత్కాలంలో, తీసింది వసంతంలో! చెట్లన్నీ పచ్చగా వుంటే ఎండుటాకులెక్కణ్ణించి వస్తాయి? కాగితం ఆకులకి రంగులేసి రోడ్డు మీద చల్లారు. షాటు అయిపోగానే మళ్ళీ ఏరి సంచుల్లో వేసుకున్నారు, తర్వాతి షాటుకి కావాలిగా! జాగ్రత్తగా చూస్తే ఆ 'ఇల్లినాయ్' వెనకాల కాలిఫోర్నియా తాటిచెట్ల జాతివి కొన్ని తలలెత్తి కనిపిస్తాయి.

ఇంక ముసుగు. లోకాన్ని గడగడలాడించిన ఆ తెల్ల మొహం, 'స్టార్ ట్రెక్' టీవీ సీరియల్లో కెప్టెన్ కిర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ బొమ్మ ముసుగు! రెండు డాలర్లు కూడా కాదు. కొనుక్కొచ్చి కళ్ళ కన్నాలు పెద్దవి చేసి, జుట్టు చెరిపి, తెల్లరంగు కొట్టారు. అది తొడుక్కుని నడిచిన నిక్ కాసిల్‌కి రోజుకి ఇరవై అయిదు డాలర్లు. సంగీతానికి వేరే మనిషి లేడు. కార్పెంటరే కూర్చుని మూడు రోజుల్లో కట్టేశాడు. లెక్కకి అయిదు మాత్రల తాళం, పియానో మీద ఒకే మెట్టు తిప్పి తిప్పి కొడతాడు. నాలుగుతో ఆగాల్సిన చోట ఆగదు. అందుకే గుండె లయ తప్పుతుంది.

మన విఠలాచార్య గారు గుర్తుకు రాలేదూ? ఆయన 'జగన్మోహిని' కూడా 1978 చిత్రమే! అక్కడ ముసుగు, ఇక్కడ అస్థిపంజరం. ఆయన దెయ్యం పొయ్యిలో కట్టెలకి బదులు తన కాళ్ళే పెట్టి వంట చేస్తే హాలంతా ఒకేసారి భయపడి, ఒకేసారి నవ్వింది. ఆ ఏడాది ఈ ఇద్దరూ ఒకరి పేరు ఒకరు విని వుండరు. విద్య మాత్రం ఒకటే.

ఆలివ్‌లు కొనుక్కుని ఇంటికొచ్చాను.

* * *

సాయంత్రం అయిదింటికి పెద్దావిడ వంటింట్లో హాజరు. పిల్ల ముభావంగా స్టూలు మీద కూర్చుంది. అక్క కూడా వచ్చింది. పూజ మర్నాడు కదా, ఈ పూట గుడ్డు ముట్టుకోవడానికి అభ్యంతరం లేదు.

"గుడ్లు వారం పైగా ఫ్రిజ్‌లో వున్నవి తీశాను" అంది ఆవిడ. తాజావి కదా మంచివి అనుకుంటాం. ఈ వంటకి కాదు! గుడ్డు నిలవ వున్నకొద్దీ పెంకు సన్నటి రంధ్రాల్లోంచి లోపలి బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. దాంతో తెల్లసొన పులుపు తగ్గి, పెంకు కిందనున్న పొర పట్టు వదులుతుంది. పెంకు సాఫీగా వూడి వస్తుంది. తాజా గుడ్డైతే పెంకుతో పాటు సగం తెల్లసొన కూడా వస్తుంది, గోడకి కొట్టిన సినిమా పోస్టరు చింపినట్టు.

నీళ్ళు ముందు మరిగించింది. మరిగేక పొడుగు గరిటెతో గుడ్లు ఒక్కొక్కటే మెల్లిగా దింపింది. మొత్తం పద్నాలుగు. పన్నెండు పార్టీకి, రెండు పరీక్షకి. మంట తగ్గించి, గోడ గడియారం చూపించి, పిల్లతో అంది:

"పన్నెండు నిమిషాలు. పదమూడో నిమిషం నీ శత్రువు."

అసలు రహస్యం ఇక్కడుంది. గుడ్డుని మరీ ఎక్కువసేపు ఉడికిస్తే తెల్లసొనలోంచి గంధకం వాయువు పుడుతుంది. ముక్కు మూసుకునే వాసన అదే. ఆ గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిస్తే చుట్టూ పచ్చటి, బూడిదరంగు వలయం ఏర్పడుతుంది. మనం ఎన్నిసార్లు చూళ్ళేదూ, పెళ్ళి భోజనాల బిర్యానీలో గుడ్డు కోస్తే లోపల ఆకుపచ్చ గీత? అది గుడ్డు తప్పు కాదు, పొయ్యి మీద మరిచిపోయినవాడి తప్పు.

పన్నెండో నిమిషానికి పిల్లే అరిచింది. గుడ్లన్నీ ఐసు నీళ్ళలో పడ్డాయి. అంత చల్లగా వుంటే ఉడకడం అక్కడికక్కడే ఆగిపోతుంది.

చల్లారేక పెద్దావిడ పరీక్ష గుడ్డు ఒకటి వలిచి రెండుగా కోసింది. పచ్చసొన బంతిపువ్వు రంగులో వుంది. పచ్చ గీత లేదు. ఆ ముక్కని పిల్ల ముక్కు దగ్గర పెట్టింది. పిల్ల మొహం వెనక్కి తీసుకుంది, తర్వాత ముందుకొచ్చింది. మళ్ళీ వాసన చూసింది.

"ఏం లేదు" అంది తెలుగులో, ఆశ్చర్యంగా.

మిగతా పన్నెండింట్లో ఆరు పక్కన పెట్టాం. తక్కిన ఆరింటికీ సాలెగూడు వెయ్యాలి. ఎలాగంటే, పెంకు తియ్యకుండా చెంచా వెనకవైపుతో నాలుగుపక్కలా మెల్లిగా తట్టాలి. పెంకంతా నెర్రెలు విచ్చాలి గానీ వూడకూడదు. అలా పగిలిన గుడ్లని నల్ల మిఠాయి రంగు కలిపిన నీళ్ళలో ముంచి రాత్రంతా ఫ్రిజ్‌లో వుంచాలి. చీనావాళ్ళు టీ డికాషన్‌లో ఇలాగే గుడ్లు నానబెడతారు. పిల్ల మొదటి గుడ్డు గట్టిగా కొట్టి పాడుచేసింది. పద్నాలుగోది దాని స్థానంలోకి వచ్చింది. అయిదో గుడ్డు దగ్గరికొచ్చేసరికి చెయ్యి తిరిగింది.

పరీక్ష గుడ్డు పచ్చసొనలో ఆవిడ మయొనీస్, సీసాలోని పచ్చటి ఆవముద్ద, చుక్క వెనిగర్ వేసి మెదిపి అక్క చేతిలో పెట్టింది. అక్క నాలిక మీద వేసుకుని కళ్ళు పెద్దవి చేసింది.

"ఒరేయ్! ఇది ఆవ పెట్టిన కూరరా!"

గోదావరి జిల్లాల పిల్ల మరి! పనసపొట్టు కూరకి దింపేముందు ఆవ పెట్టే చెయ్యి. అయితే సీసా ఆవ ఆవిడకి ఆనలేదు. "చప్పగా ఏడిసింది. నేను నూరిస్తానని చెప్పు" అంది. నేను దుబాసీనయ్యాను. పెద్దావిడ సరేనంది గానీ సగం గుడ్లకే. మిగతా సగం పిల్లల కోసం సీసా ఆవతోనే.

* * *

మర్నాడు గురువారం. మధ్యాహ్నం అక్క తలంటుకుంది. ఇంక ఆ గడప దాటదు, గుడ్డు ముట్టుకోదు. తన వంటింట్లో ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, ఉప్పు వేసి నీళ్ళతో మెత్తగా నూరి గిన్నెలో వేసి పంపింది. ఆవాలు ఎండుగా వున్నంతసేపూ సాధువులే. నలిగి నీళ్ళు తగిలితేనే ఘాటు పుడుతుంది. ఆ ఘాటు ముక్కుదాకా ఎక్కుతుంది. పెద్దావిడ పుల్లతో తీసి రుచి చూసి కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళకి ఈ గుడ్లకి డెవిల్ అన్న పేరు తగింది" అంది.

బడి నుంచి రాగానే పిల్ల సంచీ విసిరేసి పరిగెత్తుకొచ్చింది. నల్లనీళ్ళలోంచి గుడ్డు తీసి వలిచాం. నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్ళు జలదరించింది. తెల్లటి గుడ్డు మీద సన్నటి నీలి, నలుపు నరాలు, అచ్చంగా సాలెగూడే! ఒకటి రెండు చోట్ల రంగు మరీ ముద్దగా అంటింది. పెద్దావిడ ఆ వైపు వెనక్కి తిప్పేసింది. కార్పెంటర్ తాటిచెట్లని తిప్పలేకపోయాడు గానీ!

గూడు కనిపించాలి కాబట్టి వీటిని నిలువునా కాక అడ్డంగా కోసింది. అడుగున చిన్న ముక్క తీసేస్తే డొప్ప కుదురుగా నిలబడుతుంది. తక్కిన ఆరూ నిలువునా కోశాం. పన్నెండు పచ్చసొనలు జల్లెడ మీద వేసి రుద్దితే పొడిపొడిగా రాలాయి. అరకప్పు మయొనీస్, చెంచాడు వెనిగర్, ఉప్పు, మిరియాల పొడి. సగానికి సీసా ఆవ, సగానికి అక్క ఆవ.

ఇంక డొప్పల్లో నింపడం. చెంచాతో పెడితే రూపం రాదు. పెద్దావిడ ప్లాస్టిక్ సంచీలో వేసి మూల కత్తిరించి పిల్లకిచ్చింది. పిల్ల దాన్ని ఎలా పట్టుకుందనుకున్నారు? గోరింటాకు కోను పట్టుకున్నట్టు! కిందటి రాత్రి తల్లి చేతికి పెట్టిన చెయ్యే. ఒక్క వణుకు లేకుండా చుట్టలు చుట్టలుగా దింపింది. పెద్దావిడ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూస్తూ వుండిపోయింది. "యాభై ఏళ్ళనుంచి చేస్తున్నాను, నాకిలా రాలేదు" అంది.

సాలీడు కట్టడం ఇలాగ: నల్ల ఆలివ్ కాయ నిలువునా సగం కోసి బోర్లించితే అది పొట్ట. రెండో సగాన్ని సన్నటి చీలికలు చేస్తే అవి కాళ్ళు, పక్కకి నాలుగేసి. నేను మూడేసి పెట్టి చీవాట్లు తిన్నాను. "సాలీడుకి ఎనిమిది మామయ్యా, మూడో క్లాసు పాఠం!" నిలువు గుడ్లు కళ్ళయ్యాయి. పచ్చ ఆలివ్ అడ్డంగా కోస్తే చక్రం, మధ్యలో ఎర్రటి మిరప ముక్క కనుపాప. పంటి పుల్లతో ఎర్ర రంగు ముంచి తెల్లసొన మీద నరాలు గీసింది. ఇరవై నాలుగు గుంటలూ నిండాయి. పన్నెండు సాలీళ్ళు, పన్నెండు కళ్ళు. అక్క ఆవ కళ్ళల్లో వుంది. పళ్ళెం ఎటు తిప్పినా అవి మనవంకే చూస్తున్నాయి.

బయట పెట్టిన గుడ్డు రెండు గంటలు దాటితే పడెయ్యాల్సిందే, లేకపోతే కడుపు చెడుతుంది. అందుకని పిల్లలొచ్చేదాకా పళ్ళెం ఫ్రిజ్‌లోనే.

* * *

నాలుగయింది. ఎవరూ రాలేదు. నాలుగుంబావు. బావ పిజ్జా పెట్టెలు సర్దినవే మళ్ళీ సర్దుతున్నాడు. మేనకోడలు నల్లగౌను, పొడుగు టోపీతో మంత్రగత్తె వేషంలో కిటికీ దగ్గర నిలబడింది. మైకేల్ మయర్స్ లాగే, కదలకుండా.

నాలుగూ ఇరవైకి ఒక కారు ఆగింది. తర్వాత ఇంకోటి. తొమ్మిది మందిలో ఆరుగురొచ్చారు.

పళ్ళెం బల్ల మీదికి వచ్చింది. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఎముకల గూడు వేషం వేసిన అమ్మాయి ముందుకు వంగింది. వంగి, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది. నేను గుడ్డు వంక చూడలేదు, మా పిల్ల వంక చూశాను. టోపీ అంచు రెండు చేతులా పట్టుకుని వుంది, వేళ్ళు తెల్లబడేంతగా.

ఆ అమ్మాయి సాలీడుతో సహా నోట్లో వేసుకుంది. "కాళ్ళు కూడా తినచ్చా?" అని అడిగింది తినేశాక.

అంతే, చేతులు పడ్డాయి. కళ్ళు తిన్నవాడొకడు ఆవ ఘాటుకి ముక్కు పట్టుకుని గంతులేశాడు. ముక్కు పట్టుకోగానే మా పిల్ల మొహం పాలిపోయింది! కానీ వాడు నీళ్ళు తాగి వచ్చి ఇంకో కన్ను తీసుకున్నాడు. దాంతో అది పందెమైపోయింది. కన్ను తిని దగ్గకుండా ఎవరుంటారని. ఒక పిల్లాడికి అసలు నచ్చలేదు, కాగితంలో ఉమ్మేసి పిజ్జా తిన్నాడు. ఎవరూ ఏమనలేదు. పెద్దావిడ మూల కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటూ వుంది. ఆరున్నరకి పళ్ళెం తీసెయ్యాలని ఆవిడ పట్టు. తియ్యడానికి ఏం మిగలలేదు. పళ్ళెం బల్ల మీదికి రాకముందే అక్క మాట మీద రెండు సాలీళ్ళు విడిగా తీసి ఫ్రిజ్‌లో వుంచాం, పెద్దావిడ కోసం. ఆవిడ వాటిని మేనకోడలికే వదిలేసింది.

ఆరింటికి పొద్దుగూకింది. లోపల అక్క పూజ ముగించి గుమ్మంలో ప్రమిదలు వెలిగిస్తోంది. పిల్లలంతా సంచులు పట్టుకుని వీధిలోకి పరిగెత్తారు. అంతలో మెట్ల కింద ఎవరో వచ్చి నిలబడ్డారు. ఆరడుగుల మనిషి, నల్లటి దుస్తులు, తెల్ల ముసుగు. మాటా లేదు, పలుకూ లేదు. ముందురోజే ఆ ఇల్లు చూసొచ్చిన నాకు మాత్రం వెన్ను జలదరించింది. అక్క పైనుంచి కింది దాకా చూసి, "ఇంత ఎత్తున్నాడు, వీడికి కూడా చాక్లెట్టేనా?" అని రెండు సున్నుండలు చేతిలో పెట్టింది. ముసుగు వెనకనుంచి పదిహేనేళ్ళ కుర్రాడి గొంతు "థాంక్యూ మేమ్" అంది.

మర్నాడు శుక్రవారం. ఉదయం ఫ్రిజ్ తీస్తే ఆ రెండు సాలీళ్ళూ లేవు. మేనకోడలి డబ్బా సంచీ కూడా లేదు. ఐసు ముక్క పెట్టుకుని తనే సర్దుకు వెళ్ళింది. సాయంత్రం దాకా అక్క నిమిషానికోసారి గడియారం చూసింది.

పిల్ల వచ్చి, బూట్లు విప్పుకుంటూ, మేం అడక్కుండానే చెప్పింది.

"ఒకటి నేను తిన్నాను. రెండోది ఆ ఎముకలమ్మాయి అడిగింది, ఇచ్చేశాను."